ముడత పడని పిల్లలు

ఆ నాళ్ళలో నాకు తెలివి తక్కువని కాదు, ఉన్నదంతా ఒకేసారి వాడేసేదాన్ని. నాకు పాతికేళ్ళు నిండకుండానే మా ఆయన పోయాడు. పటమటలో ఓ అపార్టుమెంటు గోడ పక్కన ఆయన నిలబెట్టిన ఇస్త్రీ బండీ, బొగ్గుల పెట్టే, ఏడేళ్ళ కూతురూ, అదీ నా సంసారం. నాకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. వాచ్‌మన్ తెచ్చే మూటల మీద ఫ్లాటు నంబరు ఉండేది కాబట్టి పని నడిచిపోయేది. ఆ బిల్డింగులో మనుషులెవరో నాకు తెలియదు, వాళ్ళ బట్టలు తెలుసు. నాలుగొందల ఒకటిలో కొత్త కోడలు దిగిందనీ, మూడొందల రెండులో పెద్దాయన ఒళ్ళు చేశాడనీ మొహాలు చూడకుండానే చెప్పేదాన్ని. (ఆయన నీలం గళ్ళ చొక్కాకి ఎడం చేతి బొత్తాం నా పెట్టె కింద పడి పగిలితే, దొరికిన తెల్ల బొత్తాం కుట్టి పంపేశాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.)

మా సందు చివర కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు ఒక టీచరమ్మ క్లాసు పెట్టేది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళ పిల్లలూ, ఆటోవాళ్ళ పిల్లలూ పదకొండు మంది బడి అయ్యాక అక్కడికి వెళ్ళేవాళ్ళు. హోంవర్కు ఒక్కటే అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. బొమ్మలు, చదరంగం, ఇంకా మైక్రోస్కోపని ఒక గొట్టం ఉండేది. ఒకరోజు మా పాప వచ్చి, "అమ్మా, ఉల్లిపొరలో గదులుంటాయే!" అంది. "ఉంటే అద్దెకిద్దాంలే, అన్నం తిను" అన్నాను. కానీ మనసు ఊరుకోలేదు. మర్నాడు బొగ్గులు ఆర్పేసి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. టీచరమ్మ చూసి, "లోపలికి రండమ్మా, మీరూ చూడండి" అంది. చూశాను. వరసగా ఇటుకలు పేర్చినట్టు గదులు, మధ్య మధ్య ఆవిడ వేసిన రంగు పట్టిన ఎర్ర చుక్కలు! పుట్టి బుద్ధెరిగాక ఎన్ని ఉల్లిపాయలు తరిగానో, ఒక్కటైనా నాకు ఈ సంగతి చెప్పలేదు. ఆ రోజునుంచి కరివేపాకో, దోమ రెక్కో, ఏదో ఒకటి కొంగున కట్టుకుని వెళ్ళి, "ఇది కూడా చూద్దామండీ" అనేదాన్ని. పిల్లలకంటే నా గొడవే ఎక్కువైపోయింది పాపం ఆవిడకి.

అలా ఉండగా ఒక ఆదివారం టీచరమ్మ తల్లులందర్నీ పిలిచింది. ఆ క్లాసు ఊళ్ళో నలుగురు పెద్దవాళ్ళు కలిసి పెట్టిన సంఘం డబ్బుతో నడుస్తోందట. వచ్చే శనివారం వాళ్ళలో ఇద్దరు వచ్చి చూస్తారట, నచ్చితేనే ఇంకో ఏడాది సాగుతుందట. లేకపోతే ఆ గొట్టం కూడా వెనక్కి పోతుందట. "ఏమీ హడావుడి వద్దమ్మా, పిల్లల్ని రోజూ ఎలా పంపుతారో అలాగే పంపండి" అని రెండుసార్లు చెప్పింది. చెప్పడం ఆవిడ వంతు, వినకపోవడం నా వంతు. మనకి పెళ్ళిచూపులకి వస్తున్నారంటే రోజూ ఉన్నట్టే ఉంటామా? ఉన్న నాలుగు కుర్చీలకి పక్కింటివి రెండు తెచ్చి వేస్తాం. క్లాసు పోతే మా పాప మళ్ళీ రోడ్డు పక్కన నా బండి కింద కూర్చోవాలి. నా బండి మీద చూస్తే, అప్పుడే మడతపెట్టిన మూటలు నిండుగా ఉన్నాయి. ఇంక చెప్పాలా?

శనివారం మధ్యాహ్నం పదకొండు మందికీ తలలంటి, పౌడరు రాసి, మూటలు విప్పాను. "గంటే కదా అక్కా" అంటూ మిగతా తల్లులు కూడా వంత పాడారు. కొలతకి సరిపోయినవి తొమ్మిది జతలు. మిగతా ఇద్దరికీ పెద్దవాళ్ళ కుర్తాలు తొడిగి చేతులు మడిచాను. మా పాపకి నెమలిపింఛాలు కుట్టిన గులాబిరంగు గౌను. "కూర్చోకండి, ఒంగకండి, గోడకి ఆనకండి, ఎవరైనా ముక్కు తుడుచుకున్నారో చంపేస్తాను" అని చెప్పి హాల్లో వరసగా నిలబెట్టాను. టీచరమ్మ వచ్చి చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. ఏదో అనబోయేలోపు బయట కారు ఆగింది.

ముందు పెద్దాయన దిగాడు. ఆయన మొహం నేను చూడలేదు. చొక్కా చూశాను. నీలం గళ్ళు, ఎడం చేతికి తెల్ల బొత్తాం. మా పాప ఒంటి మీది గౌను ఏ మూటలోదో అప్పుడు గుర్తొచ్చింది. మూడొందల రెండు.

పెద్దాయన అటూ ఇటూ చూసి, "ఏం బాబూ, ఆ ఉల్లిపొర ఎలా తీస్తారో చూపిస్తావా?" అన్నాడు. ఆ పిల్లవాడు రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని, "వద్దండీ" అన్నాడు. "నువ్వమ్మా?" అంటే, "రంగు పడుతుందండీ" అంది ఇంకో పిల్ల. పదకొండు మందిలో ఒక్కరూ కదల్లేదు. దండేనికి ఆరేసిన బట్టలకైనా కాస్త కదలిక ఉంటుంది.

ఆయన టీచరమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏం లేదండీ, మనం లేనివాళ్ళ పిల్లలకని కదా అనుకున్నాం. వీళ్ళు మా మనవళ్ళకంటే బాగున్నారే!"

ఆయన వెనకే కారు దిగిన వాళ్ళావిడ, ఆ అమ్మగారు మాత్రం మా పాప దగ్గరకి వచ్చి వంగి చూసింది. "ఏమండీ, ఇది మన చిన్నదాని పుట్టినరోజు గౌను కదూ?"

"ఇస్త్రీకి వచ్చిందండీ. ముడత పడకుండా ఇచ్చేస్తాం" అంది నా కూతురు. పిల్లకి అబద్ధం నేర్పలేదే అని ఆ ఒక్కరోజే విచారించాను.

అమ్మగారి మొహం ఎర్రబడింది. "నువ్వేనా ఆ బండి మనిషివి? నమ్మి పంపితే ఇదా నువ్వు చేసేది?"

"తప్పేనండీ" అన్నాను. "మాసిన బట్టల్లో చూస్తే డబ్బులివ్వరేమోనని..."

పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో పిచ్చితల్లీ, మేం ఇచ్చేదే వాళ్ళకి కదా!" అని, పిల్లల వైపు తిరిగి, "పోండిరా, మీ బట్టలు మీరు కట్టుకు రండి" అన్నాడు.

అయిదు నిమిషాల్లో హాలు మారిపోయింది. చిరుగుల నిక్కర్లూ వెలిసిన గౌన్లూ బల్లల మీదికి ఎగబడ్డాయి. ఒకడు ఉల్లిపాయ తుంచాడు, ఒకతి పొర లాగింది, మా పాప రంగు చుక్క వేసి మోచేతిదాకా పూసుకుంది. అమ్మగారు మూతి ముడుచుకునే గొట్టం మీదికి వంగింది. "ఏమీ కనపడటం లేదే!" అంది. నేను ఉండబట్టలేక, "రెండో కన్ను కూడా తెరిచే ఉంచండమ్మగారూ, ఆ చక్రం నిదానంగా తిప్పండి" అన్నాను. కాసేపటికి ఆవిడ ఊపిరి బిగబట్టడం వినిపించింది. తల ఎత్తకుండానే, "పచ్చిమిరపకాయలో ఏముంటుంది?" అంది. నిజం చెప్పొద్దూ, అదింకా నేనూ చూడలేదు.

క్లాసు సాగింది. మర్నాడు పొద్దున్నే మూడొందల రెండు మూట కూడా వచ్చింది. "ఎవరికీ తొడక్కుండా ఇమ్మన్నారు" అన్నాడు వాచ్‌మన్. పైన గులాబిరంగు గౌను, కింద నీలం గళ్ళ చొక్కా, దాని మీద తుంచిన తెల్ల బొత్తాం, పక్కన ఒక నీలం బొత్తాం.

మా పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది అదే, మధ్యమధ్యలో నవ్వుతూ. నేనింకా ఆ బండి దగ్గరే ఉన్నాను. మూటలో చిన్న గౌను కనపడితే చాలు, ఎవరికి సరిపోతుందా అని రెండు భుజాలూ పట్టుకుని గాలిలో ఒకసారి ఎత్తి చూస్తాను. చుట్టూ ఎవరూ లేరు కదా అని చూసుకుని, మళ్ళీ మడతపెట్టేస్తాను.