చీకటి గదిలో పదకొండు కుండీలు

నా చిన్నప్పుడు మా నాన్న దగ్గితే మా ఫ్యాక్టరీ కాలనీ సెక్టర్ 2లో లేచిన కాకులు ఎక్కడో దూరాన రిసాలి పేటకి వెళ్ళి వాలేవి. నేనేమీ పెంచి చెప్పడం లేదు, తిరిగొచ్చిన కాకుల్ని లెక్కపెట్టినవాణ్ణి. నాన్న ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ ముగించి పొద్దున్నే వచ్చేవాడు. పగలు నిద్రపట్టాలని కిటికీకి నల్ల రగ్గు మేకులతో కొట్టి, తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కాడు. ఆ గదిలో మిట్టమధ్యాహ్నం కూడా అమావాస్యే. ఎన్ని బీడీలు కాల్చినా ఈ దగ్గు తగ్గదేమని ఆయనే ఆశ్చర్యపోయేవాడు.

ఆ చలికాలం దగ్గు మధ్యలో ఊపిరి ఆగడం మొదలైంది. ఆగిన ప్రతిసారీ అమ్మ వంటింట్లో గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయేది. డాక్టరు మాటెత్తితే నాన్న అటు తిరిగి పడుకునేవాడు.

నాకు పదేళ్ళు. చెట్లు మనకు ప్రాణవాయువు ఇస్తాయని ఆ వారమే బడిలో చెప్పారు. ఇంకేం! డాల్డా డబ్బాల్లో, పగిలిన బకెట్లలో ఉన్న మందారం, మనీప్లాంటు, కొత్తిమీరతో సహా పదకొండు కుండీలు మోసి నాన్న మంచం చుట్టూ పేర్చాను. నా లెక్కన అది సగం బస్తర్ అడవి.

"ఏటిరా ఇది? మీ నాన్న పడుకున్నాడా, అడివిలో తప్పిపోయాడా?" అంది అమ్మ. చాలా రోజులకు నవ్వింది కాబట్టి కుండీలు ఉండిపోయాయి.

వారం తిరిగేసరికి ఆకులు పసుపెక్కాయి. దగ్గు అలాగే ఉంది. కాలేజీలో సైన్సు చదివే పక్కింటి అక్కను లాక్కొచ్చాను. ఆవిడ నవ్వలేదు. మొలకెత్తిన పెసలు ఒక సీసాలో సగందాకా పోసి, మూత గట్టిగా బిగించి, రేపటిదాకా ముట్టుకోవద్దంది. మర్నాడు నాన్న నిద్రలేచే వేళకు ఆ గదిలోకి వచ్చి, మూత తీసి, వెలిగించిన అగ్గిపుల్ల లోపలికి దించింది. ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

"గాలేదీ అక్కా?"

"పెసలు పీల్చీసినాయి. మొక్కా ఊపిరి తీసుకుంటాదిరా, పగలూ రాత్రీ. మనలాగే తిన్న తిండిని ఆ గాలితోనే అరాయించుకుంటాది, మనం వదిలే గాలే వదుల్తాది. ఆ వదిలిన గాలీ, నీళ్ళూ కలిపి మళ్ళీ తిండి వండుకోడానికి మాత్రం వెలుతురు కావాల. ఆ వంటలోనే మనకి మంచి గాలొస్తాది. ఈ చీకట్లో వంటెక్కడిది?"

నేను ఒక కుండీని మంచం నుంచి దూరంగా జరిపాను. "అయితే వారం నుంచీ నాన్న గాలి నేనే దొంగిలించీసినానా?"

"పాగల్! పదకొండు కుండీలు మీ నాన్నని ఏటి చేస్తాయి? చంపనూ లేవు, కాపాడనూ లేవు." ఆవిడ మంచం వైపు తిరిగింది. "బాబాయ్, కిటికీ తెరవాల. డాక్టరుకి చూపించుకోవాల."

నాన్న సీసా వైపే చూస్తున్నాడు.

"ఇంకో పుల్ల గియ్యమ్మా."

అదీ ఆరిపోయింది. నాన్న లేచి, రగ్గును మేకులతో సహా పీకేశాడు. ఆ వెలుతురులో ఆయన ముఖం చూశాను. ఇన్నాళ్ళూ నాకంటే ఎక్కువ భయపడుతున్నవాడు ఆయనే.

మర్నాడే ఆస్పత్రికి వెళ్ళాడు. మందులతో ఊపిరి కుదుటపడింది గాని, దగ్గు పూర్తిగా వదల్లేదు. కళ్ళకు తడి తువ్వాలు కట్టుకుని, కిటికీ తెరిచే పడుకునేవాడు.

ఇప్పటికీ ఇంట్లో ఎవరు నిద్రపోతున్నా ఊరికే దాటి వెళ్ళలేను. గుమ్మంలో ఆగి, ఒక ఊపిరి లోపలికి వెళ్ళి బయటికి వచ్చేదాకా వింటాను. అప్పుడు గాని నాది వదలను.