ఒక సంచిలో వరద, ఒక సంచిలో కరువు

శుక్రవారం నైటీకి రెండు పక్కలా కుట్లు విప్పి వదులు చేసుకున్నాను. సోమవారానికి అదే నైటీ మళ్లీ పొట్టకు పట్టేసింది. ఆళ్లగడ్డలో ఇంటి వసారాలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషిని నేను. ఎనిమిదో తరగతిలో బడి మానేశాక నాకు మిగిలిన చదువంతా టేపు మీది అంకెలే. బట్ట బిగుతైతే కుట్టు విప్పడం నా పని. ఆ రోజు కూడా కుట్టే విప్పాను. ఆస్పత్రికి పోలేదు.

కడుపులో కవలలని అప్పటికే తెలుసు. ఏడో నెల. మొదటి స్కానింగ్ తర్వాత మళ్లీ తీయించుకోలేదు. పెళ్లిళ్ల కాలం, మిషన్ పక్కన జాకెట్లు గుట్టగా పడున్నాయి.

"ఇద్దరుండారు గదమే, కడుపు పెద్దగ గాకుండా ఎట్లుంటాది?" అని మా అత్త తేల్చేసింది.

ఆటో తోలే మా ఆయన ప్రసాదు, "నువ్వొక్కదానివి ఎక్కితే సాలు, ఆటో ఫుల్లు" అన్నాడు.

"ముగ్గురం ఉండాం, ముగ్గురి చార్జీ అడుగప్పా" అన్నాను. అందరం పగలబడి నవ్వాం.

మరునాడు వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందలేదు. పొట్ట చర్మం ఎంబ్రాయిడరీ ఫ్రేముకు బిగించిన గుడ్డలా మెరుస్తోంది. ఆళ్లగడ్డ డాక్టరమ్మ చెయ్యి వేసి చూసి, "ఇంటికి పోవద్దు. ఇట్నుంచి ఇటే నంద్యాలకు పోండి" అంది.

నంద్యాలలో స్కానింగ్ డాక్టరు ఒకే చోట మళ్లీ మళ్లీ తిప్పి చూశాడు. ఉండబట్టలేక నేనే, "ఏంది సార్, ముగ్గురుండారా?" అన్నాను. ఆయన నవ్వలేదు.

"ఇద్దరికీ ప్లాసెంటా ఒకటేనమ్మా. ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డకు పోతోంది. ట్విన్ టు ట్విన్ ట్రాన్స్‌ఫ్యూజన్ అంటాం. ఎక్కువ రక్తం అందిన బిడ్డ ఎక్కువ మూత్రం పోస్తుంది. ఆ బిడ్డ ఉండే సంచిలో ఉమ్మనీరు విపరీతంగా పెరిగింది. రెండో బిడ్డ సంచిలో దాదాపు నీరే లేదు."

ప్లాసెంటా అంటే మాయ అని నర్సమ్మ చెప్పింది.

"అయితే నీళ్లుండే బిడ్డ బాగుండాది గదా సార్?" అని మా ఆయన ఆశగా అడిగాడు.

"లేదు. దాని గుండె మీద భారం పడుతోంది. ఇద్దరికీ ప్రమాదమే."

ఎవరేమన్నా ఎదురు మాట తయారుగా ఉండే నోరు నాది. ఆ రోజు "ఇప్పుడేం జెయ్యాల సార్?" అని మాత్రమే అడిగాను.

ముందే వచ్చుంటే మాయలో ఇద్దరినీ కలిపే రక్తనాళాలను లేజర్‌తో మూయించడానికి పెద్ద ఊరికి పంపేవాళ్లమనీ, ఆ నెలలు దాటిపోయాయనీ, ఇప్పుడు నీళ్లు తీయడమే దారనీ చెప్పారు. దాని పేరు యామ్నియోరిడక్షన్. బిడ్డల ఊపిరితిత్తుల కోసమని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేశారు. తర్వాత అక్కడి కాన్పుల డాక్టరమ్మ స్కానింగ్‌లో చూస్తూ పొట్టలోకి పొడుగాటి సూది దించింది. సూదితో బతికేదాన్నే అయినా కళ్లు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి సీసా నిండింది. ఇంకో సీసా పెట్టారు. అదీ నిండింది.

"ఇయ్యన్నీ నాలోవేనా మేడం?" అన్నాను. ఊపిరి మాత్రం హాయిగా ఆడింది.

వార్డులో నాకు తోడుగా ఉన్న అత్త, నీళ్ల బాటిల్ మంచం కింద దాచేసింది. "నీళ్లెక్కువై గదా ఈ గతి? ఇంగ తాగొద్దు." పోసేది ఆపితే నిండేది ఆగుతుందని నాకూ సబబుగానే తోచింది. ఎండాకాలం. నోరు పుక్కిలించి ఉమ్మేస్తూ గడిపాను. మరునాటికి నొప్పులు మొదలయ్యాయి.

డాక్టరమ్మ నా నాలుక చూసి, "నీళ్లు ఎవరాపారు?" అని గట్టిగా అడిగింది.

"నేనేనమ్మా. బానలో పొయ్యకుంటే నిండదు గదా" అంది అత్త.

"అవి ఈమె తాగిన నీళ్లు కావమ్మా, బిడ్డ పోసినవి! ఈమె ఎండిపోతే కాన్పు ముందే వచ్చేస్తుంది."

అత్త మంచం కింద నుంచి బాటిల్ తీసి, మూత తిప్పి నా నోటికి పెట్టింది. సెలైన్ ఎక్కించాక, మందులిచ్చాక నొప్పులు ఆగాయి. కానీ ఉమ్మనీరు మళ్లీ పెరిగింది. మళ్లీ తీశారు. ఆ తర్వాత, రక్తం పారేది చూసే డాప్లర్ స్కానింగ్‌లో, నీళ్లు లేని చిన్నబిడ్డకు రక్తం సరిగా అందడం లేదని తేలింది. "ఇక ఆగలేం" అని సిజేరియన్ చేశారు.

ఇద్దరూ ఆడపిల్లలే. ఒకతి ఎర్రగా, ఏడుస్తూ వచ్చింది. ఇంకొకతి కోరా గుడ్డలా పాలిపోయి ఉంది. ఏడవలేదు.

"ఇద్దరూ ఉండారు" అన్నాడు మా ఆయన, గోడ వైపు చూస్తూ.

"నా మొగం జూసి జెప్పప్పా" అన్నాను. 

నెలలు నిండని పిల్లల్ని ఉంచే ఎన్ఐసీయూలో, చిన్నదాని అద్దాల పెట్టె ముందు నిలబడి చూశాను. నా అరచెయ్యంత బిడ్డ, నిండా ట్యూబులు. రక్తం ఎక్కిస్తున్నారు. "అక్కకు అంతా పోసేసి నువ్వేం మిగుల్చుకున్యావే?" అన్నాను. నవ్వించడానికే అన్నాను. నాకే ఏడుపొచ్చింది.

పెద్దది ముందు ఇంటికొచ్చింది. చిన్నదాన్ని చాలా ఆలస్యంగా పంపారు. ఇప్పుడు పెద్దది ఇల్లంతా పరుగెడుతుంది. కడుపులో రక్తం అందక కాళ్లు బిగుసుకున్న చిన్నదాన్ని ఫిజియోథెరపీకి నంద్యాల తీసుకుపోతూ ఉంటాం. నోరు మాత్రం నాదే వచ్చింది, ఆటోలో వాళ్ల నాయనను ఊపిరి తీసుకోనివ్వదు.

కవలలని తెలిసిన రోజు సంబరంగా లేచి వచ్చేయకండి. అక్కడే కూర్చుని, "మాయ ఒకటా, రెండా?" అని అడగండి. ఒకటే అంటే, ఒంట్లో ఏ బాధా లేకపోయినా నాలుగో నెల నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్ చేయించుకోండి. ఆ మాట అడగాలని నాకు తెలియలేదు. మా చిన్నది ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తోంది.