రాదు మాస్టారి దీర్ఘం

రాదు మాస్టారి నోటికి తెలిసిన జవాబు ఒక్కటే. వాన వస్తుందా అంటే రాదు. బస్సు వస్తుందా అంటే రాదు. పోయిన కరెంటు ఈ పూటకి వస్తుందా అని అడిగితే, ఆలోగా నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరగడం మొదలెట్టినా సరే, "రాదు, ఇది నిలిచే కరెంటు కాదు" అనేవారు. పెళ్ళి మాటలప్పుడు, పిల్ల ఒప్పుకుంటుందంటావా అని వాళ్ళక్క అడిగితే, "నన్ను చూసి కూడానా? రాదు" అన్నారట. ఆ రాని ఇల్లాలు వచ్చి పాతికేళ్ళు దాటింది. ఇప్పటికీ ఆ విషయం ఆయన పూర్తిగా నమ్మలేదని ఆవిడ అంటూ ఉంటుంది.

పేరుకి మాస్టారే గానీ ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ప్రపంచంలో మహా గొప్పవనిపించుకున్న యూనివర్సిటీల్లో సీటుకోసం ఆశపడే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళకి సీటు వచ్చే అవకాశం ఎంతుందో అంచనా వేసి చెప్పడం ఆయన వృత్తి. అందుకు ఆయనకి అర నిమిషం కూడా పట్టేది కాదు. అంచనా ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది.

ఆఫీసంటే జిరాక్సు షాపు మీద రెండు గదులు. ముందు గదిలో మాస్టారు, వెనక గదిలో ఫైళ్ళు, ఆ ఫైళ్ళ మధ్య మేనకోడలు. డిగ్రీ అయిపోయి, పై చదువుల ఆలోచనలో ఉన్న ఆ పిల్ల పొద్దుటి పూట వచ్చి మామయ్యకి సాయం చేసేది. తలుపుమీద నీలం రంగు బోర్డు ఒకటి వేలాడేది: 'లోపలికి రారాదు'. అది చదివి వచ్చినవాళ్ళలో సగం మంది వచ్చిన దారినే మెట్లు దిగి, వీధికి అవతలి మేడ ఎక్కేవాళ్ళు. అక్కడి సలహాదారు ఏసీ గదిలో, చేపల తొట్టె పక్కన కూర్చుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ 'వస్తుంది' అని చెప్పేవాడు. రానప్పుడు మాత్రం ఫోను ఎత్తేవాడు కాదు.

బోర్డుని లెక్కచెయ్యకుండా లోపలికి వచ్చినవాళ్ళలో ఒక బట్టల షాపు యజమాని, ఆయన కొడుకు ఉన్నారు.

"మావాడికి నూటికి తొంభై ఎనిమిది మాస్టారూ!" అన్నాడు షాపాయన, ఫైలు బల్లమీద పరుస్తూ.

"అక్కడికొచ్చే ప్రతివాడికీ అంతే ఉంటాయండీ. మార్కులు చెప్పుల్లాంటివి, గుమ్మం దాకానే. లోపల ఇంకేదో అడుగుతారు. పైగా బయటి దేశాల పిల్లలకి వాళ్ళు విడిచిపెట్టే సీట్లు ఈ బెంచీ నిండడానికి కూడా చాలవు."

"వయొలిన్ కూడా వాయిస్తాడు."

మాస్టారు కుర్రాడి వైపు తిరిగారు. "ఇష్టమేనా?"

"నాన్నకి ఇష్టమండి" అన్నాడు కుర్రాడు.

"రాదు" అన్నారు మాస్టారు.

రాదన్నవారు ఊరుకోవచ్చు కదా! మర్నాటినుంచి ఆ కుర్రాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, వాడి గురించి వాడే రాయాల్సిన వ్యాసాన్ని తొమ్మిదిసార్లు తిరగరాయించారు. వయొలిన్ తీసేయించి, వాడికి నిజంగా ప్రాణమైన పాత గడియారాల రిపేరు గురించి రాయించారు. ఫైళ్ళు సర్దలేక మేనకోడలికి విసుగొచ్చింది.

"రానిదానికి ఇంత చాకిరీ ఎందుకు మామయ్యా?"

"రానిదానికే కదే చాకిరీ! వచ్చేదైతే మనతో పనేముంది?"

ఇంత చేసినా, సీటు వచ్చినవాళ్ళు ఆయనకి కృతజ్ఞత చెప్పడానికి వచ్చేవాళ్ళు కాదు, దెప్పడానికి వచ్చేవాళ్ళు. మిఠాయి పెట్టె బల్లమీద ఠపీమని పెట్టి, "రాదన్నారుగా మాస్టారూ!" అని గర్జించేవాళ్ళు. ఆయన దొంగ దొరికిపోయినట్టు తల దించుకుని, "పొరపాటు పడ్డాను" అని నోటినిండా మిఠాయి కుక్కుకునేవారు. మాస్టారి పొట్ట అలా ఏడాదికేడాది పెరిగింది. మనిషి అన్ని పొరపాట్లు చెయ్యగలడా అని డాక్టరుగారు కూడా ఆశ్చర్యపోయారు.

అటువంటి మామయ్య దగ్గరికి ఒకరోజు మేనకోడలు తన ఫైలే పట్టుకుని వచ్చింది. నెల్లాళ్ళు ఆసుపత్రిలో అమ్మమ్మ మంచం పక్కన కాపలా ఉన్నప్పుడు, అక్కడ జబ్బుకన్నా చప్పుడే మనుషుల్ని ఎక్కువ పీడిస్తోందని ఆ పిల్లకి తోచింది. మోత లేని వార్డులు కట్టడం ఎలాగో చదువుకోవాలని పట్టుపట్టింది. ఆ చదువు బాగా చెప్పేది ఒకే ఒక్క యూనివర్సిటీ. అది ప్రపంచమంతా ఎగబడే చోటు. ఆ పిల్లకి ఇంకో కోరిక లేదు.

"మామయ్యా, నాకు?"

మాస్టారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. ఫైలు మాత్రం తెరవలేదు.

"రాదు" అన్నారు.

ఊరందరికీ చెప్పేదే తనకీ చెప్పాడని ఆ పిల్లకి తెలుసు. అయినా మనసు చివుక్కుమంది. సొంత మేనమామ, ఒక్కసారి, అబద్ధానికైనా సరే, వస్తుంది అనకూడదా? ఫైలు తీసుకెళ్ళి వెనక గదిలో అన్నిటికన్నా అడుగున పెట్టేసి, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మొదటి విడత ఫలితాలు వచ్చిన రోజున మెట్లమీద పెద్ద కేకలు వినిపించాయి. బట్టల షాపాయన కొడుకుని తిడుతూ ఎక్కుతున్నాడు.

"పరువు తీశావు కదరా! గడియారాలంట గడియారాలు! బుద్ధిగా వయొలిన్ అని రాస్తే నీ సొమ్మేం పోయేదిరా?"

కుర్రాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి మాస్టారు చటుక్కున లేచి, గుమ్మంలోకి వెళ్ళి, రొమ్ము విరుచుకుని నిలబడ్డారు.

"నేను ఆ రోజే చెప్పానా లేదా? రాదన్నాను, రాలేదు! నా మాటంటే మాటే! గడియారాలు రాయించింది కూడా నేనే!"

షాపాయన అక్కడే ఆగిపోయాడు. "ఏవిటండీ ఆ సంబరం? మీది నోరేనా? ఆ నోటితో రాదు రాదు అన్నారు కాబట్టే రాలేదు! మావాడికేం తక్కువ?"

"ఏదో తక్కువయ్యే ఉంటుంది."

"నోరు మూసుకోండి! బంగారంలాంటి పిల్లాడు! ఇంట్లో ఆగిపోయిన గడియారాలన్నీ వాడి చేతిమీదే నడుస్తున్నాయి, మీకేం తెలుసు? పదరా నాన్నా, ఈ గుమ్మంలో నిలబడ్డా దరిద్రమే!"

కొడుకు భుజమ్మీద చెయ్యేసుకుని దిగిపోయాడు. మలుపులో కుర్రాడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. మాస్టారు వాడికి కన్నుగీటి, ఏమీ ఎరగనట్టు వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

మేనకోడలు ఫైళ్ళు వదిలేసి ముందు గదిలోకి వచ్చింది. "కావాలనే తిట్టించుకున్నావు కదూ?"

"ఎవరికైనా తిట్లు కొన్నే ఉంటాయే. ఇక్కడ ఖర్చయిపోతే ఇంటికెళ్ళాక పిల్లాడికి మిగలవు" అన్నారు మాస్టారు. "సరేగానీ, నీ దరఖాస్తు ఎంతవరకొచ్చింది?"

"పెట్టలేదు. నువ్వు రాదన్నావుగా."

మాస్టారి ముఖం పాలిపోయింది. "రెండో విడతకి నాలుగు రోజులే గడువు! రాదన్నాను గానీ, పెట్టొద్దన్నానుటే?"

"రెంటికీ తేడా ఏముంది? తలుపుమీదే రాయించుకున్నావుగా, లోపలికి రారాదు అని!"

ఆయన ఆ బోర్డుకేసి దిగులుగా చూశారు. "అది రారాదు కాదే పిచ్చిదానా. రారాదూ! మనవాళ్ళని పిలిచినట్టు, లోపలికి రారాదూ అని రాయమన్నాను. రాసినవాడు దీర్ఘం మింగేశాడు."

"మరి దిద్దించుకోలేదేం?"

"వస్తానన్నాడు. రాడని నాకప్పుడే తెలుసు."

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. మాస్టారు నవ్వలేదు. వెనక గదిలోకి వెళ్ళి, అడుగునున్న ఫైలు లాగి, దుమ్ము దులిపి, ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"దరఖాస్తు పెట్టరాదూ?" అన్నారు.

మామయ్య నోట ఆ దీర్ఘం వినడం ఆ పిల్లకి అదే మొదలు. కళ్ళు చెమర్చాయి. నాలుగు రోజులూ ఇద్దరూ ఆ బల్ల దగ్గరే కూర్చుని, తిట్టుకుంటూ, తిరగరాసుకుంటూ గడువులోగా పంపేశారు. పంపిన మరుక్షణం మాస్టారు మామూలు మనిషైపోయి, "రాదు" అన్నారు.

ఫలితం వచ్చిన పొద్దున ఆ పిల్ల ముఖం వేలాడేసుకుని ఆఫీసుకొచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడింది.

"మామయ్యా, నీ మాట..."

మాస్టారు లేచి రొమ్ము విరుచుకున్నారు. "ముందే చెప్పానా లేదా? రమ్మను మీ అమ్మని! ఎంత తిడుతుందో నన్ను తిట్టమను!" తుడవడానికి కళ్ళజోడు తీసి, ఎక్కడ పెట్టారో ఆయనకే తెలియలేదు.

"నీ మాట తప్పింది మామయ్యా!" అని మేనకోడలు వెనకనుంచి మిఠాయి పెట్టె తీసి బల్లమీద ఠపీమని పెట్టింది. "రాదన్నావుగా!"

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. పెట్టె దగ్గరికి లాక్కుని, "పొరపాటు పడ్డాను" అన్నారు. ఆ రోజు ఒకటి కాదు, నాలుగు తిన్నారు.

ఆ పిల్ల కుర్చీ లాక్కుని ఎక్కి, జిరాక్సు షాపులో అడిగి తెచ్చిన నీలం మార్కరుతో బోర్డుమీద దీర్ఘం దిద్దింది. దిగీ దిగకముందే ఎవరో కొత్త అమ్మాయి మెట్లెక్కి వచ్చి, పైకి చూసి, అక్షరాలు కూడబలుక్కుని, తిన్నగా లోపలికి నడిచింది.

"సార్, నాకు సీటు వస్తుందా?"

మాస్టారు మిఠాయి మింగి, పక్క కుర్చీ దగ్గరికి జరిపారు.

"రాదు" అన్నారు. "కూర్చో."