చెవి బాకా యర్రయ్య

రంగూను పక్కన ఇన్సేన్‌లో, రైల్వే కార్ఖానాలో యర్రయ్య పని బాయిలరు కడుపులో కూర్చోవడం. బయటినుంచి ఒకడు రేకుల్ని కలిపే రివెట్టును సమ్మెటతో బాదుతుంటే, లోపలినుంచి యర్రయ్య దానికి ఇనప దిమ్మె ఆన్చి పట్టేవాడు. భీమునిపట్నంలో ఓడెక్కిన నాడు చీమ చిటుక్కుమన్నా వినే చెవులు. ఏళ్ల తరబడి ఆ కడుపులో కూర్చునేసరికి, పక్కన పిడుగు పడ్డా "నన్నెవులైనా పిలిసినారా?" అని అడిగే స్థితికి వచ్చాడు.

అయినా చెవుడని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఎవరేమన్నా నవ్వుతూ తలూపేవాడు. తెలుగువాళ్లకు "అవునవును", బర్మావాళ్లకు వాళ్ల భాషలో "హోక్కే". మనుషులు అడిగేవాటిలో సగానికి అవునంటే సరిపోతుందని అతని నమ్మకం. చిక్కంతా మిగతా సగంతోనే.

పంతొమ్మిది వందల ఇరవయ్యారులో కోతలప్పుడు, పక్కగది బర్మావాడు ఊ పో సీన్ గుమ్మంలో నిలబడి ఏదో అడిగాడు. "హోక్కే, హోక్కే" అన్నాడు యర్రయ్య. మర్నాడు ఇంటికొచ్చేసరికి గంపకింద పందెంకోడి! దాన్ని ఇతనికి అప్పజెప్పి ఊ పో సీన్ పడవలో ట్వంటే అనే ఊరికి వెళ్లిపోయాడట, కోతలయ్యేదాకా రాడట. ఆ కోడి తెల్లారకముందే మొదలెట్టేది. కూలీల గదుల లైను మొత్తం దుప్పట్లు తన్నుకుని లేచి తిట్టేది. హాయిగా నిద్రపోయేది ఆ కోడికి ఆశ్రయమిచ్చిన మహానుభావుడొక్కడే.

"మావా! కోడినైనా ఒదిలించుకో, సెవుడునైనా ఒప్పుకో!" అని భార్య సింహాచలమ్మ అరిచింది. రెండోసారికి అందరూ నవ్వారు. మూడోసారికి యర్రయ్యకు వినిపించింది.

కార్ఖానా ఆసుపత్రిలో కాంపౌండరు రామలింగం అతని చెవుల్లోకి చూసి, దగ్గరికొచ్చి గట్టిగా చెప్పాడు. "గుబిలి కాదు యర్రయ్యా. లోపల నరం దెబ్బతింది. పోయింది తిరిగిరాదు. మిగిలినదానికి సాయం చెయ్యొచ్చు."

బీరువాలోంచి ఓ ఇత్తడి బాకా తీశాడు. ఎవరో ముసలి దొర స్వదేశానికి పోతూ వదిలేసినది.

"నాను పెళ్లిలో సన్నాయోడినేటి, బాబూ?"

"ఊదకు. సన్న కొన చెవిలో పెట్టుకో."

వెడల్పు మూతి దగ్గర నోరు పెట్టి రామలింగం మామూలు గొంతుతో అడిగాడు: "అన్నం తిన్నావా?"

యర్రయ్య బిత్తరపోయాడు. ఇన్నేళ్లూ అతని దగ్గరికి ప్రతి మాటా ఉబ్బిన నరాలతో, ముడిపడిన కనుబొమలతో వచ్చేది. లోకానికి తనంటే కోపమని అనుకుంటూ వచ్చాడు. కోపం లేని మాట వినడం ఎన్నాళ్లకో! కళ్లు చెమర్చాయి. "బాకా గుచ్చుకున్నాది బాబూ" అని బొంకాడు.

బాకా పెట్టుకుని తిన్నగా బజారుకెళ్లాడు. బండిచక్రాలు, కుక్కలు, సత్తుగిన్నెలు, బేరాలు అన్నీ కలిసి తలలో జొరబడ్డాయి. తలనొప్పితో వచ్చి బాకాను అటకెక్కించాడు. సింహాచలమ్మ దాన్ని దింపి, మొగుణ్ణి మళ్లీ రామలింగం దగ్గరికి తోలింది.

"రద్దీలో దానికి మాటేదో మోతేదో తెలియదు. ఇంట్లో, ఒక్క మనిషితో మొదలెట్టు. ఎదురుగా కూర్చో. పెదాలు చూస్తూ విను" అన్నాడు రామలింగం.

అలాగే చేశాడు. మెల్లగా అలవాటైంది. ధైర్యమొచ్చి ఓ ఉదయం కోడి ముందు బాకా పెట్టి ఒక్క కూత విన్నాడు. ఆ పూటే లైనులో గడపగడపకూ వెళ్లి దణ్ణం పెట్టాడు.

"బాయిలరు యర్రయ్యకి గొట్టం మొలిసినాదిరోయ్" అన్నారు కుర్రాళ్లు.

"ఇంక ఆవిరొక్కటే తక్కువరా" అన్నాడు యర్రయ్య.

ఒక సాయంత్రం సింహాచలమ్మ తలుపు మూసింది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో గుట్టన్నది లేదు. ఉప్పు నిండుకున్నా, నడుం నొప్పెట్టినా మొగుడికంటే ముందు లైనుకే తెలిసేది. ఇప్పుడు ఆమె తనే బాకా అతని చెవికి పెట్టి గుసగుసగా చెప్పింది.

"మావా, బయట పొక్కనీకు. మన సిన్నతల్లికి నెల తప్పినాది. మూడో నెలొచ్చీదాకా ఎవులికీ సెప్పొద్దంది."

చిన్నతల్లి వాళ్ల ఒక్కగానొక్క కూతురు. బోటాటౌంగ్ రేవులో పనిచేసే అతనికిచ్చారు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఈ కబురు! అదీ లైనులో అందరికంటే ముందు తనకే!

"ఏటీ! మన సిన్నతల్లికి నెల తప్పినాదా!"

చెవికైతే బాకా దొరికింది గాని, బాయిలరులో మాట్లాడి మాట్లాడి పెరిగిన ఆ గొంతును తగ్గించే సాధనం ఏ దొరా వదిలిపెట్టిపోలేదు. సింహాచలమ్మ రెండు చేతులా అతని నోరు మూసేసరికే గోడవతల ఆడవాళ్ల నవ్వులు మొదలయ్యాయి.

ఆదివారం చిన్నతల్లి వచ్చింది. తల్లిని పలకరించకుండానే తండ్రి ముందు చతికిలబడి, బాకా అందుకుంది. చిన్నప్పటినుంచీ అరవలేక అతనికి చెప్పడం మానేసిన మాటలన్నీ కలిపి, మెత్తని గొంతుతో తనివితీరా తిట్టింది. యర్రయ్య ఒక్క మాటా పోనివ్వకుండా విన్నాడు.

అంతా అయ్యాక బాకా తీసి రెండో చెవికి పెట్టుకున్నాడు.

"ఇందులో కూడా ఓపాలి తిట్టమ్మా."