చందమామ మీద తమ్ముడి ముఖం

బొమ్మలక్క పదిహేనేళ్లుగా యానిమేషన్ స్టూడియోలో పనిచేస్తోంది. సెకను కదలికకు పన్నెండు బొమ్మలు గీయాలి. చెంపదెబ్బకు తల ఎటు తిరుగుతుందో, ఎక్కడ తగిలితే మనిషి కూలతాడో ఆమెకు తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. కొట్లాట సీన్లన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి.

ఆ ఏడు గీస్తున్నది చంద్రుడి మీద కట్టిన నగరం కథ. అక్కడి జనం నీలంపొగ అనే మత్తుమందుకు బలవుతుంటారు. ముఠాలో మారువేషంతో చేరిన పోలీసు, చివరికి తనే ఆ పొగకు బానిసవుతాడు.

“నీ పోలీసుకి తిండి పెట్టట్లేదా ఏంటక్కా? రోజురోజుకీ చిక్కిపోతున్నాడు,” అని పక్క బల్ల మీద రంగులు వేసే అమ్మాయి నవ్వేది.

బొమ్మలక్కకు నవ్వు వచ్చేది కాదు. ఇంట్లో తమ్ముడూ అలాగే చిక్కిపోతున్నాడు. తల్లి పోయాక ఆమె పెంచిన పిల్లాడు, ఇప్పుడు కానిస్టేబుల్. ఎనిమిది నెలలుగా యూనిఫాం వేయడం లేదు. ఏం డ్యూటీ అని అడిగితే కంచం గోడకేసి కొడతాడు.

ఒక మధ్యాహ్నం ఇంటి తాళంచెవి కోసం అతను స్టూడియోకి వచ్చాడు. తెర మీద సినిమా పోలీసు ముఖం ఉంది. గుంటలు పడ్డ కళ్లు, కనుబొమ్మను చీల్చిన మచ్చ. అచ్చం తమ్ముడే. ఆమె కావాలని గీయలేదు, చెయ్యే గీసేసింది.

“నేను పోలీసునని ఊరంతా బొమ్మేసి చూపిస్తున్నావా? వాళ్లు చూస్తే నన్ను ముక్కలు చేస్తారు!”

“వాళ్లెవర్రా?”

అతను కుర్చీ ఎత్తి తెర పగలగొట్టాడు. అడ్డొచ్చిన రంగులమ్మాయిని గోడకేసి తోశాడు. అక్క జుట్టు పట్టుకుని తలను బల్లకేసి రెండుసార్లు బాదాడు. ఆమె కింద పడితే, గాజుపెంకుల మీదున్న కుడిచేతిని బూటుకాలితో తొక్కాడు. వేళ్లు విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. ఆమె ఎడమచేతికి దొరికిన ఇనుప టేబుల్ లైటుతో అతని మోకాలి మీద శక్తికొద్దీ కొట్టింది. అతను కుప్పకూలాడు. అక్కడే వాంతి చేసుకుని, “నేనూ పీలిస్తేగానీ వాళ్లు నన్ను నమ్మలేదక్కా,” అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

బొమ్మలక్క ఆస్పత్రి మంచం మీంచే స్టూడియోకి ఫోన్ చేసి, సినిమాలో ఆ ముఖం మార్పించింది. అయినా తమ్ముడి మీద పోలీసు కేసు పెట్టింది. మర్నాడు తమ్ముడి పై అధికారి వచ్చాడు.

“కేసు వెనక్కి తీసుకోమ్మా. ఇంకో నెలలో ముఠా నాయకుడు దొరుకుతాడు. ఇప్పుడు మీవాడి సంగతి బయటపడితే మా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.”

“వాడు మత్తుకి అలవాటు పడ్డాడని మీకు తెలుసా?”

“ఆ పనిలో అది మామూలేనమ్మా.”

“మీకు మామూలేమో. నాకున్నది వాడొక్కడే. వాణ్ణి మళ్లీ వాళ్లలోకి పంపితే ఫిర్యాదులో మీ పేరు కూడా రాసిస్తాను.”

కోర్టు తమ్ముణ్ణి చికిత్సకు పంపింది. తమ్ముడు తప్పుకోవడంతో ముఠా నాయకుడు చిక్కలేదు. ఆ సంగతి ఆమెను చాలాకాలం పీడించింది. తమ్ముడు మొదటి వారం గోడకు తల బాదుకున్నాడు, నర్సు చెయ్యి కొరికాడు, ఆస్పత్రివాళ్లు అతణ్ణి మంచానికి కట్టేశారు. రెండో నెలలో అతణ్ణి చూడటానికి ఆమెను రానిచ్చారు. అతను కట్టు కట్టి ఉన్న అక్క చేతివైపే చూస్తూ కూర్చున్నాడు.

“నొప్పిగా ఉందా అక్కా?”

“ఉందిరా. రెండు వేళ్లు ఇక వంగవన్నారు.”

ఆమెకు అబద్ధం చెప్పాలనిపించలేదు. ఆమె లేచేసరికి, వచ్చే వారం కూడా వస్తావా అని అతను అడిగాడు. ఆమె వస్తానంది, అన్నట్టే మరుసటి వారం వెళ్లింది.