తాడు ఎవరి చేతికిచ్చాను

ఇప్పుడు నల్లమలను పులుల కోసం కాపాడుతున్నారట, జీపులెక్కి పోయి చూసొస్తున్నారు. మేము గొర్రెల వెనకాల కాళ్లు కాలేలా నడిచి చూశాం. అరవైల్లో ఒక ఎండాకాలం, ఊళ్లో గడ్డిపరక లేక మందను అమ్రాబాద్ గుట్టల పైకి తోలుకుపోయాం. మా ఆయన, ఆయన అన్న, సాయానికి వచ్చిన మా తమ్ముడు, వంటకు నేను. తండ్రి పోయాక మా ఆయన్ను చంకనేసుకుని పెంచింది మా బావగారే. తమ్ముడి పెళ్లాంతో బావ ముఖాముఖి మాట్లాడకూడదని మా ఇళ్లలో పట్టింపు. ఏడేళ్ల కాపురంలో ఆయన నాతో ఒక్క మాటా ఆడలేదు.

పైన ఒకటే గాలి. పొయ్యి రాజేస్తే మంట పక్కకు పారిపోయేది, జొన్నరొట్టె ఒకవైపు మాడి ఒకవైపు పచ్చిగా మిగిలేది. నా నోటికి అడ్డూ అదుపూ లేదు, గాలిని కూడా తిట్టాను. లోయ అంచున చెట్టన్నదే లేదు, బండలూ ఎండుగడ్డీ.

అక్కడ ఒక చెంచు ఆమె పరిచయమైంది. ఆమె మొగడు తాడు కట్టుకుని కొండచరియకు దిగి తేనె తీస్తాడు. పైన తాడు పట్టే ఆమె తమ్ముడికి జ్వరమని, అతను రెండు రోజులుగా పని మానుకుని కూర్చున్నాడు.

"నీ మొగనికి అన్నదమ్ములున్నరు గదా, వాళ్లు పట్టరా తాడు?" అన్నాను.

"తాడు జారితే నా బొట్టు పోతది. గా బాధ నా తమ్మునికే ఉంటది. మా దాంట్ల బామ్మర్దే పట్టాలె" అంది.

మేమంతా నవ్వాం. దూరంగా కూర్చున్న బావగారు కూడా నవ్వారు.

మర్నాడే సూడిగొర్రె ఒకటి అంచు నుంచి జారి, కింద అరుగంత బండ మీద చిక్కుకుంది. మా ఆయన చెంచువాళ్ల తాడు అడిగి తెచ్చి నడుముకు కట్టుకున్నాడు. వద్దంటే వినే రకం కాదు. రెండో కొస బావగారు అందుకున్నారు. ఆయన చేతులు రోకళ్ల లాంటివి, మా తమ్ముడేమో బక్కపలచన. అయినా నిన్న నవ్విన మాటే నా చెవిలో గుయ్యిమంది. విసురుగా పోయి బావగారి చేతిలోంచి తాడు లాక్కుని తమ్ముడి చేతిలో పెట్టాను.

"గదేందక్కా?" అన్నాడు వాడు.

"పట్టు" అన్నాను.

మా ఆయన అంచు దాటాడు. గాలికి తాడు ఊగుతుంటే తమ్ముడి మడమలు గడ్డిలో జారాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. బావగారు మా తమ్ముడి వెనకాల కూలబడి, మిగిలిన కొస తన నడుముకు చుట్టుకుని, కాళ్లు బండకు తన్నిపెట్టారు. ఇద్దరూ లాగితే మా ఆయన గొర్రెను మెడ మీదేసుకుని పైకొచ్చాడు.

వచ్చి ఒగరుస్తూ గడ్డిలో పడుకున్నాడు. తమ్ముడు ఏడుస్తూనే నవ్వుతున్నాడు. బావగారు తాడు విప్పుకుంటుంటే చూశాను. అంగీ చిరిగి, నడుము చుట్టూ తోలు లేచిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. పసుపు తెచ్చి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశారు.

"నేను ఇడిసిపెడ్తననుకున్నవా బిడ్డా?"

లేదని తల అడ్డంగా ఊపాను. అబద్ధం. నమ్మినట్టే తల ఊపి, ఆయన నా చేతిలోని పసుపు అందుకున్నారు.