తాళాలాయన ఒంట్లో అద్దెవాళ్ళు

ఏ గది ఖాళీ అయినా ఇంటివాళ్ళకంటే ముందు తాళాలాయనకే తెలిసేది. మొలలో తాళాల గుత్తి గలగలమంటుంటే ఆ చప్పుడుకే వీధి తలుపులు తెరుచుకునేవి. అద్దె ఇళ్ళు కుదర్చడం ఆయన పని. ఖాళీ గదిలో ముందు వెలుతురు ఎటునుంచి వచ్చి కూర్చుంటుందో చూసేవాడు, తర్వాత కుళాయి తిప్పేవాడు, ఆపైన మాట తిప్పేవాడు. చీకటికొట్టుని కూడా "మధ్యాహ్నం కునుక్కి ఇంతకంటే చల్లని చోటు లేదండీ" అని అంటగట్టగల ఘటికుడు.

అలాంటి మనిషికి ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలింది. ఎముకలకు పాకిందో లేదో స్కాన్ తీస్తేగానీ వైద్యం మొదలుపెట్టలేనన్నాడు డాక్టరు. తాళాలాయన బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి, కాళ్ళు చాపుక్కూర్చున్నాడు.

"స్కాన్‌కి ఎందుకు వెళ్ళరండీ?" అంది భార్య.

"వెర్రిదానా, ఇది నా వృత్తి. అద్దెకున్నవాణ్ణి గుచ్చిగుచ్చి అడిగితే మూటాముల్లె సర్దుకుని పక్కింట్లో దిగుతాడు. పలకరించకపోతే ఉన్నచోటే పడుంటాడు. నా ఒంట్లోవాళ్ళనీ అలాగే కదపకుండా ఉంచుతా."

ఈ సిద్ధాంతం విని వీధంతా ఔరా అంది. కుడి తుంటిలో నొప్పి మొదలైన సంగతి మాత్రం ఆయన వీధికి చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. మెట్లెక్కుతూ సగంలో ఆగి, గోడ నిమిరి, "రంగు బాగా పట్టింది" అనేవాడు.

ఆయన మరదలు క్యాన్సర్ పరిశోధనశాలలో కణాలు పెంచే మనిషి. ఓ రోజు ఫోన్ చేసి, "రా బావా, నీకో గది చూపిస్తా" అంది.

"మరదలు పిలిస్తే రానా? మీ అక్కకి మాత్రం చెప్పకు."

"పిలవమన్నది అక్కే."

నిద్రపోయే బిడ్డ ఊపిరంత వెచ్చగా ఉండే పెట్టెలో పెరుగుతాయట కణాలు. మరదలు రెండు బుల్లి గిన్నెలు తెచ్చింది. రెండింటికీ మధ్యలో చిల్లుల పొర. "పై అంతస్తులో నీకొచ్చిన రకం కణాలు వేశాం. కింద, మొదటిదాంట్లో వట్టి పోషక ద్రవం. రెండోదాంట్లో ఎముక కణాలు పెరిగిన ద్రవం. పొర దాటిన కణాలు కనబడేలా ఊదారంగు అద్దాం. ఇప్పుడు పొర అడుగున ఎవరున్నారో చూడు."

ఆయన మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. మొదటిదాంట్లో అక్కడక్కడా ఊదారంగు చుక్కలు. రెండోదాంట్లో సాయంత్రం ఆకాశమంతా ఒలికిపోయినట్టు ఊదా.

"వీళ్ళని ఎవరే ఖాళీ చేయమన్నది?"

"ఎవరూ అనలేదు బావా. ఎముక కణాలు చిన్న సంకేత అణువుల్ని వదుల్తాయి. వాటిని పట్టుకునే పిడి క్యాన్సర్ కణం ఒంటిమీద ఉంటుంది. అణువు ఆ పిడికి చిక్కగానే కణం సన్నగా సాగి, చిల్లులో దూరి, అటు పోతుంది. దిగాక తనూ అణువులు పంపి, ఎముకని తనకి తగ్గట్టు మార్చుకుంటుంది."

"ఇంటాయన్ని అడక్కుండా గోడలు పగలగొడతారా?" తాళాలాయనకి నిజంగానే కోపం వచ్చింది.

"నువ్వు పలకరించకపోయినా పిలుపు ఆగదు బావా."

ఆయన మళ్ళీ మైక్రోస్కోపు మీదకి వంగాడు. "మధ్యలో ఆ పిలుపు ఆపే మందు లేదా?"

"దానికోసమే మేం తంటాలు పడుతున్నాం. వాళ్ళ తిండి ఆపే మందులైతే ఇప్పుడే ఉన్నాయి. ముందు ఎక్కడెక్కడున్నారో తెలియాలిగా."

"కుడి తుంటి," అన్నాడు, తలెత్తకుండా. "మీ అక్కకి తెలీదు."

"గోడలకి రంగు బాగుందని నువ్వు మెచ్చుకోవడం మొదలెట్టినప్పుడే అక్కకి తెలిసింది."

మర్నాడు స్కాన్ తీశారు. తుంటి ఎముకలో ఒక్క మచ్చ, అంతే. ఆ మచ్చకి రేడియేషన్ ఇస్తామని, కణాలకి మేతయిన మగ హార్మోన్‌ని ఇంజెక్షన్లతో తగ్గిస్తామని, అలా ఏళ్ళ తరబడి అదుపులో ఉంచొచ్చని డాక్టరు చెప్పాడు. "కాకపోతే ఉన్నట్టుండి ఒళ్ళంతా వేడి ఆవిర్లు, చెమటలు, చికాకు... కారణం లేకుండా ఏడుపు కూడా రావచ్చు."

తాళాలాయన మొహం పాలిపోయింది. భార్య మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని అంది:

"ముట్లుడిగే వయసులో అవన్నీ నేనూ పడ్డాను డాక్టరుగారూ. ఉక్కపోస్తోంది, కిటికీ తెరవండీ అంటే చలేస్తోందని దుప్పటి కప్పుకున్న మనిషి ఈయన. పొడవండి సూది."

తాళాలాయన సూదికోసం బల్లమీద పక్కకి తిరిగి పడుకున్నాడు.